జమ్మి చెట్టు కింద బొగ్గుబాయి

గని లోపల అగరువత్తి వెలిగించడానికి వీల్లేదు. కర్పూరం వెలిగించొద్దు, దీపం పెట్టొద్దు, హారతి పట్టొద్దు. అగ్గిపెట్టె, బీడీ, సిగరెట్టు, లైటర్ ఏదీ కిందికి పోకుండా బాయి మీదనే జేబులు తడిమి మరీ పంపుతారు. బొగ్గు పొరల్లోంచి ఊరే మీథేన్ వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే గోదావరిఖని భూగర్భ గనుల్లో దసరా ఆయుధపూజ అంతా బాయి మీదనే, మైసమ్మ గుడి ముందటే జరుగుతుంది. హాలర్ ఇంజిను దగ్గర, ల్యాంపు రూము దగ్గర, వర్క్‌షాపులో బంతిపూల దండలు వేలాడతాయి. కొబ్బరికాయ కొడతారు, నిమ్మకాయలు కోస్తారు, గుమ్మడికాయ పగలగొడతారు. తట్టా చెమ్మసూ పట్టిన కాలం పోయి యంత్రాలు వచ్చాయి కాబట్టి బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలకూ, ఓపెన్‌కాస్టులో డంపర్లకూ షావెళ్లకూ పసుపు కుంకుమలు అందుతాయి. నెత్తిన పెట్టుకునే క్యాప్ ల్యాంపుకూ బొట్టు పెడతారు. కిందికి దిగేటప్పుడు వెలుగిచ్చేది అదొక్కటే మరి.

ఆ సాయంత్రం అవే చేతులు జమ్మి చెట్టుకు మొక్కుతాయి. పురాణం లెక్కన జమ్మి నిప్పును కడుపులో దాచుకున్న చెట్టు. పంచాంగం లెక్కన శని చెట్టు. ఈ రెండు సంగతులూ బొగ్గుబాయి మనిషికి ఎంత దగ్గరివో మరొకరికి అంత దగ్గరివి కావు. ఈ గనుల్ని నడిపే సింగరేణి కంపెనీలో దసరా ఎందుకింత ఘనంగా జరుగుతుందని అడిగితే, లాభాల వాటా చేతికొస్తుంది కాబట్టి అంటారు చాలామంది. నిజమే. అయితే పండుగ తంతునూ దాని వెనకున్న జ్యోతిషాన్నీ విప్పి చూస్తే, కంపెనీ పుట్టకముందే, లాభాల వాటా అన్న మాట లేకముందే దసరా కష్టజీవి పండుగగా ఉందని తెలుస్తుంది.

చంద్రుడు శని ఇంట్లో

దసరా ఎప్పుడన్నది ఏటా ఎక్కడో ఒకచోట వాదనకొస్తుంది. ఆశ్వయుజ శుద్ధ దశమి అన్నది అందరికీ తెలిసిందే. అయితే దశమి రెండు రోజులు ఉన్నప్పుడు ఏ రోజు చేయాలి? కమలాకర భట్టు 1612లో రాసిన నిర్ణయసింధువు, ఆ తర్వాతి ధర్మసింధువు ఈ సంగతిని విస్తారంగా చర్చించాయి. అపరాహ్ణంలో దశమి ఉండాలి, శ్రవణా నక్షత్రం కలిస్తే మరీ శ్రేష్ఠం. సూర్యుడు కుంకి, చుక్కలు అప్పుడప్పుడే పొడుస్తున్న వేళను విజయ ముహూర్తమన్నారు. ఆ వేళకు మొదలుపెట్టిన పనికి వేరే వారం, వర్జ్యం చూడక్కర్లేదని పెద్దల నమ్మకం. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. ఆ ఉదయం ఉత్తరాషాఢ వెళ్లిపోయి శ్రవణం వచ్చింది, సాయంత్రపు జమ్మి పూజకు నక్షత్రం కుదిరింది. ఆ రోజే గాంధీ జయంతి కూడా కావడంతో, మాంసం దుకాణాలు మూతపడే రోజున దసరా ముక్క సంగతేమిటని కాలనీల్లో చర్చ నడిచింది!

శ్రవణానికి అంత పట్టు ఎందుకు? దాని అధిదేవత విష్ణువు, అది మొదటి కారణం. రెండోది రాశిచక్రంలో ఉంది. దశమి తిథి అంటే చంద్రుడు సూర్యుడికి 108 నుంచి 120 డిగ్రీల దూరంలో నడిచే కాలం. ఆశ్వయుజంలో సూర్యుడు కన్యలో నడుస్తూ తులవైపు సాగుతుంటాడు, పండుగ ఆలస్యంగా వస్తే తులలో అడుగుపెట్టి కూడా ఉంటాడు. అక్కడి నుంచి అంత దూరం లెక్కపెట్టి చూడండి. చంద్రుడు దాదాపుగా ప్రతి ఏడూ మకరంలోనే తేలతాడు. శ్రవణా నక్షత్రం నాలుగు పాదాలూ మకరంలోవే. మకరానికి అధిపతి శని. మేషం మొదలు లెక్కిస్తే మకరం పదో రాశి. జాతకంలో పదో ఇల్లు కర్మస్థానం, అంటే మనిషి చేసే పని.

ఇంకొకటి కూడా ఉంది. రవికి తుల నీచ స్థానం, శనికి అదే తుల ఉచ్చ స్థానం. గ్రహాల్లో రాజనిపించుకునే రవి బలం తగ్గే దిశగా నడుస్తున్న రోజుల్లో, మనసుకు కారకుడైన చంద్రుడు శని ఇంట్లో ఉండగా, శని సమిధైన చెట్టు కిందికి ఊరంతా కదులుతుంది. ఇన్ని ఒకే సాయంత్రం కలవడం కాకతాళీయమని ఎవరైనా అంటే నేను వాదించను. కానీ ఈ పండుగను ఈ తిథి మీద నిలిపినవాళ్లకు ఆకాశం లెక్క తెలుసునని మాత్రం గట్టిగా నమ్ముతాను.

సేవకుడి గ్రహం

నవగ్రహ హోమం చేయించినవాళ్లకు సమిధల వరస గుర్తుండే ఉంటుంది. రవికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురువుకు రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ. యాజ్ఞవల్క్య స్మృతిలోనే ఈ వరస ఉంది. శని అనగానే మన ఇళ్లల్లో గుండె జల్లుమంటుంది. ఏలినాటి శని, అష్టమ శని అంటూ తైలాభిషేకాలకు పరుగెత్తుతాం. అదే మనిషి దసరా నాడు శని చెట్టుకు ప్రదక్షిణం చేసి, దాని ఆకును బంగారమని కళ్లకద్దుకుంటాడు. ఏడాదంతా భయపడిన గ్రహం దగ్గరికి ఈ ఒక్క రోజు భయం లేకుండా వెళ్తాం.

ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు బృహజ్జాతకంలో గ్రహాలకు కొలువులో స్థానాలిచ్చాడు. రవి చంద్రులు రాజులు, కుజుడు సేనాని, బుధుడు యువరాజు, గురు శుక్రులు మంత్రులు. శనికి దక్కింది సేవకుడి స్థానం. జ్యోతిష్కులు శనికి ఇచ్చే కారకత్వాలు ఒక్కసారి వరసగా చదవండి: ఇనుము, నూనె, నలుపు, చీకటి, భూమి అడుగు, శ్రమ, దుఃఖం, ఆలస్యం, కూలి మనిషి. గోదావరిఖనిలో మొదటి షిఫ్టు దిగి పైకొచ్చే మనిషిని చూసినవాళ్లెవరికైనా ఆ జాబితా కొత్తగా అనిపించదు. పురాణంలోనూ శని తల్లి ఛాయ. వెలుగుకు రాజైన సూర్యుడికి కొడుకై ఉండి కూడా నీడ కడుపున పుట్టినవాడు.

శని రాశిచక్రం ఒక చుట్టు తిరగడానికి సుమారు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు పడుతుంది. బాయిలో ముప్పై ఏళ్ల సర్వీసు చేసి దిగిపోయినవాడు శని చుట్టును పూర్తిగా చూసినట్టే. బదిలీ వర్కర్‌గా చేరి, మస్టర్ల కోసం ఎదురుచూసి, పర్మినెంటై, మోకాళ్లు అరిగి, ఊపిరితిత్తుల్లో దుమ్ము నిండి ఇంటికొచ్చిన మనిషికి జ్యోతిష్కుడు కొత్తగా చెప్పేదేమీ ఉండదు. శని ఇచ్చేది ఆలస్యంగా ఇస్తాడు, కష్టం చేసినవాడికే ఇస్తాడు అన్న మాట ఇక్కడ ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

పాండవుల కథను కూడా ఈ వెలుగులో మళ్లీ చదవాలనిపిస్తుంది. అజ్ఞాతవాసానికి పోతూ వాళ్లు విరాటనగరం బయట, శ్మశానం పక్కనున్న జమ్మి చెట్టుకు ఆయుధాలు కట్టారు. ఎవరూ దగ్గరికి రాకుండా శవమని నమ్మించారు. మనం సాధారణంగా అక్కడితో ఆగి, ఏడాది తర్వాత ఆయుధాలు దించిన ఘట్టానికి దూకుతాం. మధ్యలో ఆ ఏడాది వాళ్లేం చేశారు? భీముడు వలలుడై వంటశాలలో పొయ్యి ఊదాడు. నకులుడు గుర్రాలు తోమాడు, సహదేవుడు ఆవులు కాశాడు. ద్రౌపది సైరంధ్రిగా రాణికి తల దువ్వింది. అర్జునుడు ఆటపాటలు నేర్పాడు, ధర్మరాజు రాజు పక్కన కూర్చుని జూదమాడే కొలువు చేశాడు. రాజులు ఒక ఏడాదిపాటు పనివాళ్లయ్యారు. ఆ ఏడాది పొడుగునా వాళ్ల క్షాత్రం సేవకుడి గ్రహానికి చెందిన చెట్టు మీదే తాకట్టుంది. ఉత్తర గోగ్రహణం నాడు ఉత్తరుణ్ని చెట్టెక్కించి గాండీవం దింపించిన అర్జునుడు మునుపటి అర్జునుడు కాడు, కూలి బతుకు తెలిసినవాడు. విజయం ఆ తర్వాతే వచ్చింది. తిక్కన విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయన్న నమ్మకం మన పల్లెల్లో ఊరికే నిలవలేదు.

చెట్టులో దాగిన నిప్పు

వైదిక యజ్ఞంలో నిప్పు పుట్టించడానికి అరణి అనే కొయ్యను మథిస్తారు. జమ్మి మీద మొలిచిన రావి కొమ్మతో చేసిన అరణి దానికి శ్రేష్ఠమని శాస్త్రం. భృగువు శాపానికి జంకిన అగ్నిదేవుడు జమ్మిలో దాక్కున్నాడనీ, దేవతలు వెతికి వెతికి అక్కడే పట్టుకున్నారనీ మహాభారతం శల్యపర్వంలో కథ ఉంది. అందుకే జమ్మిని అగ్నిగర్భ అన్నారు.

చెట్టులో నిప్పు దాగడమన్నది గోదావరి లోయలో కథగా మిగిలిపోలేదు. ఈ లోయలోని బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. అప్పట్లో బురదలో కూరుకుపోయిన చెట్లు మట్టి బరువుకు, వేడికి నలిగి బొగ్గుగా మారాయి. వాటి ఆకుల అచ్చులు ఇప్పటికీ గనిలోని రాతి పొరల్లో కనిపిస్తాయి. ఆ చెట్లు ఎండలోంచి తాగిన వేడే ఈ రోజు ఎన్టీపీసీ రామగుండం బాయిలర్లలో బయటికొస్తోంది. భద్రాచలం పోయే యాత్రికులు ఇల్లెందు దగ్గర మూడు రాళ్లు పేర్చి వంట చేసుకుంటుంటే ఆ రాళ్లే అంటుకున్నాయని ఇక్కడి పాత తరం చెప్పుకునేది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఆ బొగ్గును కాగితం మీదకెక్కించాడు. 1920 డిసెంబరు 23 నుంచి కంపెనీకి సింగరేణి పేరు నిలిచింది. 1960ల మొదట్లో తవ్వకం రామగుండానికి చేరింది, గనుల చుట్టూ గోదావరిఖని పుట్టింది. రాముడు నడిచాడని చెప్పుకునే రామునిగుండాల కొండ పక్కనే, రాముడు రావణుణ్ని గెలిచాడని చెప్పుకునే పండుగకు ఇంత పెద్ద కార్మిక పట్టణం తయారైంది.

జమ్మి వేరు నీటి కోసం 30 మీటర్లకు మించి లోపలికి దిగగలదని వృక్షశాస్త్రం చెబుతుంది. ఎంత కరువొచ్చినా పచ్చగా ఉండేది అందుకే. పైన చూస్తే ముళ్ల చెట్టు, చిన్న చిన్న ఆకులు. బలమంతా కిందనే. అది మొలిచిన చేను చెడదు. పప్పుజాతి చెట్టు కాబట్టి నేలకు నత్రజని అందిస్తుంది, మేకకూ పశువుకూ మేతవుతుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర చిహ్నాలను ఎంచుకున్నప్పుడు జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. తంగేడు పెత్రమాస నాడు బతుకమ్మలోకెక్కి సద్దుల దాకా ఆడబిడ్డల చేతుల్లో ఉంటుంది, మిగతా రెండూ దసరా సాయంత్రానివి.

పాలపిట్ట గురించి ఒక మాట చెప్పక తప్పదు. రెక్క విప్పితే కనిపించే దాని నీలం శని రంగే. ఆ పూట దాన్ని ఆకాశంలో చూస్తే శుభమన్నారు. ఆకాశంలో కనిపించాలన్నదే ఆ శకునంలో ముఖ్యం. నాలుగు రోజుల ముందే వల వేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇరవైకో యాభైకో చూపించేవాళ్లు పట్నాల్లో తయారయ్యారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. బందీ పక్షిని చూసి ఎవరికీ విజయం రాదు. దయచేసి డబ్బులివ్వకండి.

పొలిమేర

జమ్మి పూజకు ముందు చేయాల్సిన తంతు ఇంకోటుంది, సీమోల్లంఘనం. ఊరి పొలిమేర దాటాలి. ఈశాన్యంగా వెళ్లి అపరాజితా దేవిని అర్చించాలి, జమ్మిని పూజించాలి, వెనక్కి రావాలి. పాతకాలపు రాజులకు అది దండయాత్రకు నాంది. మనకది గడప దాటిన మనిషి క్షేమంగా తిరిగి రావాలన్న కోరిక. బాయి పనికి పోయే మనిషి రోజూ ఒక పొలిమేర దాటుతాడు, వెలుగు ఆగిపోయే చోట. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది తిరిగి రాలేదు. ఈ కాలనీల్లో ఆడవాళ్లు షిఫ్టు టైము దాటి పది నిమిషాలైతే వాకిట్లోకొచ్చి ఎందుకు నిలబడతారో బయటివాళ్లకు చెప్పి ఒప్పించడం కష్టం.

ఓపెన్‌కాస్టు వచ్చాక పొలిమేర అర్థమే మారింది. గని కింద పోయిన ఊళ్లకు దాటడానికి పొలిమేర లేదు, పూజించడానికి పాత జమ్మి లేదు. చెట్టున్న చోట ఇప్పుడు గుంతో మట్టి గుట్టో ఉంటుంది. పునరావాస కాలనీల్లో, క్వార్టర్ల మధ్య గ్రౌండుల్లో ఎక్కడి నుంచో నరికి తెచ్చిన కొమ్మను నాటి పూజ కానిస్తారు. మర్నాటికి అది వాడిపోతుంది. 2021లో ఊరికో జమ్మి చెట్టు, గుడికో జమ్మి చెట్టు అంటూ మొక్కలు నాటే కార్యక్రమం రాష్ట్రంలో జరిగింది. బొగ్గు పట్టణాల్లో అది ఏటా జరగాల్సిన పని. గని మైసమ్మ గుడి పక్కన ఒక జమ్మి మొక్క పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

బంగారం పంపకం

దసరా నాడు గనులకు వేతనంతో కూడిన సెలవు. కానీ బాయి పూర్తిగా ఆగదు. లోపల ఊరే నీటిని పంపులు తోడుతూనే ఉండాలి, ఫ్యాన్లు గాలి నెడుతూనే ఉండాలి. పండుగ పూట కూడా పంపు ఆపరేటరు, ఫ్యాను ఆపరేటరు, సెక్యూరిటీ గార్డు డ్యూటీలో ఉంటారు. మిగతా ఊరు ఆ సాయంత్రం కొత్త బట్టలతో బయటికొస్తుంది. జమ్మి శ్లోకం రాసిన చీటీలు కొమ్మకు తగిలించి, ఆకు తెంపుకుని ఇంటింటికీ తిరుగుతారు. “కాకా, బంగారం తీస్కో” అని పిల్లగాడు ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే, “సల్లంగుండు బిడ్డా” అని దీవెన. ఈడువాళ్లయితే అలాయ్ బలాయ్. ఏడాదంతా యూనియన్ల పేరు మీద మాట్లాడుకోనివాళ్లు కూడా ఆ పూట కౌగిలించుకుంటారు.

ఆకును బంగారమనడం వెనక రఘుమహారాజు కథ ఉంది. కౌత్సుడనే శిష్యుడు గురుదక్షిణ కోసం 14 కోట్ల బంగారం అడగడానికొచ్చాడు. అప్పటికే ఉన్నదంతా దానం చేసేసిన రఘువు కుబేరుడి మీద దండెత్తబోతే, కుబేరుడు భయపడి బంగారం కురిపించాడు. జనం చెప్పుకునే కథలో అది జమ్మి చెట్టు మీద కురిసింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తర్వాతి తగాదా. నాకు కావలసింది పద్నాలుగు కోట్లే, మిగతాది ముట్టనన్నాడు కౌత్సుడు. నీకోసం వచ్చింది, నేను ఉంచుకోనన్నాడు రఘువు. చివరికి మిగిలిందంతా ఊరి జనానికి పంచారు. మనం పంచుకునే ఆకు ఆ పంపకానికి గుర్తు.

సింగరేణిలోనూ దసరా ముందు పంపకం జరుగుతుంది. లాభాల వాటా కింద 2024లో 33 శాతం, అంటే రూ.796 కోట్లు, 2025లో 34 శాతం, అంటే రూ.802 కోట్లు కార్మికులకు ప్రకటించారు. 2025లో తలకు సగటున రూ.1.95 లక్షలు వచ్చింది. ఆ రోజుల్లో గోదావరిఖని లక్ష్మీనగర్ దుకాణాల్లో కాలు పెట్టే చోటుండదు. ఇది కార్మికులు పోరాడి తెచ్చుకున్న హక్కు, ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. ఇందులో పైసా తగ్గాలని నేను కోరను.

కానీ అదే గనిలో కాంట్రాక్టు కార్మికులున్నారు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న పర్మినెంట్ కార్మికులు 41 వేల దాకా తగ్గారు. వాళ్లు వదిలిన పనుల్లో ఎన్నో ఇప్పుడు కాంట్రాక్టు చేతుల మీద నడుస్తున్నాయి. మట్టి తీసేవాళ్లలో, బొగ్గు రవాణా చేసేవాళ్లలో, క్వార్టర్లు ఊడ్చేవాళ్లలో వాళ్లే ఎక్కువ. 2024లో తొలిసారిగా వాళ్లకు తలా రూ.5 వేలు ఇచ్చారు, 2025లో రూ.5,500. ఏమీ లేని చోట ఏదో ఒకటి వచ్చింది, మంచిదే. అయినా ఒకే బొగ్గు దుమ్ము పీల్చిన ఇద్దరి మధ్య లక్షా తొంభై వేల తేడా ఉంటే, జమ్మి కింద వాళ్లిద్దరూ మార్చుకునే ఆకు బరువు ఒక్కటి కాదు.

శాస్త్రం కొలువులో అందరికన్నా కింద నిలబెట్టిన గ్రహం చెట్టు దగ్గరికి రాజును కూడా నడిపించింది దసరా. ఆ సంప్రదాయాన్ని నమ్మేవాళ్లమైతే రాబోయే లాభాల వాటా లెక్కల్లో యాజమాన్యమూ యూనియన్లూ ముందుగా మాట్లాడాల్సింది కాంట్రాక్టు కార్మికుడి గురించే. మనవంతుగా ఈ దసరాకు జమ్మి ఆకు పట్టుకుని బయల్దేరినప్పుడు అధికారి బంగళాకో నాయకుడి ఇంటికో పోయేముందు, మీ వీధి ఊడ్చే అక్క ఇంటికి, పండుగ పూట డ్యూటీలో ఉన్న పంపు ఆపరేటరు దగ్గరికి వెళ్లండి. మొదటి ఆకు వాళ్ల చేతిలో పెట్టండి.